డిగ్రీ విద్యా నియమాల సమీక్ష

డిగ్రీ విద్యా నియమాల సమీక్ష అనగా బి.ఏ., బి.కాం., బి.ఎస్‌సి. వంటి పట్టభద్ర కోర్సులకు సంబంధించిన నియమాలను విశ్వవిద్యాలయ సంఘాలు పరిశీలించి, అవసరమైన చోట మార్చే ప్రక్రియ. ప్రవేశ అర్హత, పాఠ్యాంశాలు, హాజరు, పరీక్షలు, మార్కుల విభజన, ఉత్తీర్ణత, పట్టా ప్రదానం ఇవన్నీ ఈ నియమాల పరిధిలోకి వస్తాయి. భారతదేశంలో డిగ్రీ విద్యార్థులలో అత్యధికులు విశ్వవిద్యాలయ ప్రాంగణాలలో కాక, వాటికి అనుబంధంగా ఉన్న కళాశాలలలో చదువుతారు. అందువల్ల నియమాన్ని రూపొందించే చోటు ఒకటి, అది అమలయ్యే చోటు మరొకటి. శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా పశ్చిమ భాగంలోని ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాలలో ఈ దూరం స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడి డిగ్రీ కళాశాలలు నెల్లూరులోని విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం పరిధిలో ఉన్నాయి.

ప్రాంతం

ఆత్మకూరు నెల్లూరుకు పశ్చిమ దిశలో, సోమశిల జలాశయానికి వెళ్ళే దారిలో ఉన్న పట్టణం, రెవెన్యూ డివిజను కేంద్రం. ఉదయగిరి ఇంకా వాయవ్యంగా, వెలిగొండల అంచున, నెల్లూరు నుండి సుమారు వంద కిలోమీటర్ల దూరంలో ఉన్నది. గజపతుల అధీనంలో ఉన్న ఇక్కడి గిరిదుర్గాన్ని శ్రీకృష్ణదేవరాయలు దీర్ఘకాలం ముట్టడించి 1514లో వశపరచుకొన్నాడు. కోట వలన పేరు వచ్చినా నేటి ఉదయగిరి ప్రధానంగా మెట్ట పంటల ప్రాంతం. సీతారామపురం, వరికుంటపాడు, దుత్తలూరు, మర్రిపాడు, అనంతసాగరం వంటి మండలాల విద్యార్థులకు ఇంటర్మీడియెట్ తరువాత ఉన్న దారులు కొద్ది. దగ్గరలోని డిగ్రీ కళాశాలలో చేరడం, లేదా కావలి, నెల్లూరు పట్టణాలలో వసతి చూసుకొని చదవడం, లేదా చదువు ఆపివేయడం. ఆడపిల్లల విషయంలో రెండవ దారి చాలా కుటుంబాలకు ఇప్పటికీ కష్టసాధ్యమే. ఈ కారణంగా స్థానిక కళాశాలలో ఒక కోర్సు ఉండడం, ఎత్తివేయబడడం అనేది కొందరు విద్యార్థుల విషయంలో చదువు ఉండడం, లేకపోవడం అన్నంత పెద్ద విషయం.

చరిత్ర

అనుబంధ కళాశాలల పద్ధతి మన దేశానికి లండన్ విశ్వవిద్యాలయ నమూనా నుండి వచ్చింది. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసులలో ఏర్పడిన విశ్వవిద్యాలయాలు మొదట్లో బోధించేవి కావు. పాఠ్యాంశాలు నిర్ణయించడం, పరీక్షలు నిర్వహించడం, పట్టాలు ఇవ్వడం మాత్రమే వాటి పని. 1904 నాటి భారతీయ విశ్వవిద్యాలయాల చట్టం తరువాత అవి బోధన బాధ్యతను కూడా స్వీకరించసాగాయి. 1917లో నియమించబడిన కలకత్తా విశ్వవిద్యాలయ కమిషన్, దాని అధ్యక్షుడు మైఖేల్ శాడ్లర్ పేరుతో ప్రసిద్ధమైనది, ఈ అనుబంధ పద్ధతిలోని లోపాలను విస్తారంగా చర్చించింది. అయినా పద్ధతి మాత్రం నూరేళ్ళకు పైగా కొనసాగింది. కళాశాలలు త్వరగా, తక్కువ ఖర్చుతో, చిన్న ఊళ్ళలో సైతం నెలకొల్పడానికి వీలు కల్పించినది కూడా ఈ పద్ధతే అన్నది మరచిపోరాదు.

1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఏర్పడిన తరువాత నెల్లూరు జిల్లా కళాశాలలు అనేక దశాబ్దాలు దాని పరిధిలో ఉన్నాయి. ఉదయగిరి నుండి తిరుపతి వెళ్ళి ఒక సమావేశంలో పాల్గొని రావడమంటే ఆ రోజులలో రెండు రోజుల పని. 2008లో ప్రభుత్వం నెల్లూరు జిల్లాకు ప్రత్యేకంగా విశ్వవిద్యాలయాన్ని నెలకొల్పింది. నెల్లూరు పూర్వనామమైన విక్రమ సింహపురి దానికి పేరైంది. దాని ప్రాంగణం నెల్లూరుకు దక్షిణాన కాకుటూరు వద్ద ఉన్నది. జిల్లా కళాశాలలకు దూరం తగ్గింది కానీ, పశ్చిమ మండలాల వారికి అది పూర్తిగా తొలగలేదు. ఇంజనీరింగు కళాశాలల విషయం వేరు. అవి అనంతపురంలోని జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం నియమాలను అనుసరిస్తాయి. కనుక ఒకే ఊరిలో పక్కపక్కన ఉన్న రెండు కళాశాలలకు వేర్వేరు పరీక్షా నియమాలు ఉండడంలో వింత లేదు.

సంఘాలు

రాష్ట్ర విశ్వవిద్యాలయాలు 1991 నాటి ఆంధ్ర ప్రదేశ్ విశ్వవిద్యాలయాల చట్టం ప్రకారం నడుస్తాయి. విద్యా నియమాలకు సంబంధించి మూడు మెట్లు ముఖ్యమైనవి.

అన్నింటికంటే కింది మెట్టు పాఠ్య ప్రణాళికా సంఘం. దీనినే బోర్డ్ ఆఫ్ స్టడీస్ అని వ్యవహరిస్తారు. ప్రతి విషయానికి, లేదా దగ్గరి విషయాల సముదాయానికి, ఒక సంఘం ఉంటుంది. తెలుగుకు ఒకటి, గణితానికి ఒకటి, వాణిజ్య శాస్త్రానికి ఒకటి. విశ్వవిద్యాలయ ఆచార్యులు, అనుబంధ కళాశాలల అధ్యాపకులు, ఇతర విశ్వవిద్యాలయాల నిపుణులు ఇందులో సభ్యులు. ఏ పత్రంలో ఏ యూనిట్లు ఉండాలి, ఏ గ్రంథాలు చదవాలి, ప్రశ్నపత్రం నమూనా ఎలా ఉండాలి అన్నవి ఇక్కడ తేలుతాయి. ప్రశ్నపత్రాలు తయారు చేయగలవారి జాబితాను సిద్ధం చేసేది కూడా సాధారణంగా ఈ సంఘమే. ఈ చివరి పని బయటివారికి చిన్నదిగా కనిపిస్తుంది. నిజానికి పాఠ్యాంశం కాగితంపై ఎలా ఉన్నా, విద్యార్థి చదివేది ప్రశ్నపత్రం అడిగేదానినే.

రెండవ మెట్టు అకడమిక్ సెనేట్. విషయాలన్నింటికీ వర్తించే నియమాలు, అనగా హాజరు, గ్రేడులు, క్రెడిట్లు, ఒక సంవత్సరం నుండి మరొక సంవత్సరానికి వెళ్ళడానికి షరతులు దీని పరిశీలనకు వస్తాయి. మూడవది పాలక మండలి. విద్యా నిర్ణయాల వలన ఖర్చు, ఉద్యోగాలు, అనుబంధ హోదా వంటివి ప్రభావితమయ్యేటప్పుడు దీని ఆమోదం కీలకం. వీటికి పైన కాక, పక్కన ఉపకులపతి అధికారం ఒకటి ఉన్నది. సంఘం సమావేశమయ్యే వ్యవధి లేనప్పుడు ఉపకులపతి తానే ఆమోదించి, ఆ నిర్ణయాన్ని తరువాతి సమావేశం ముందు ఉంచవచ్చు. అత్యవసరానికి ఉద్దేశించిన ఈ వెసులుబాటు విద్యా సంవత్సరం ప్రారంభానికి ముందు తరచుగా వినియోగంలోకి వస్తుంది. అప్పటికే అమలులోకి వచ్చిన దానిని సంఘం తరువాత ఆమోదిస్తే, అది చర్చగా కాక నమోదుగా మిగులుతుంది.

స్వయంప్రతిపత్తి గల కళాశాలలకు తమ సొంత పాఠ్య ప్రణాళికా సంఘాలు, విద్యా మండలి ఉంటాయి. నెల్లూరులోని దొడ్ల కౌసల్యమ్మ ప్రభుత్వ మహిళా కళాశాల ఈ కోవకు చెందినది. అటువంటి కళాశాల అధ్యాపకురాలు తాను బోధించే పత్రాన్ని తానే ప్రతిపాదించి మార్పించగలదు. ఆత్మకూరు, ఉదయగిరి వంటి చోట్ల అనుబంధ కళాశాలలో అదే పాఠం చెప్పే అధ్యాపకునికి ఆ అవకాశం లేదు. అతడు సభ్యుడిగా నియమించబడే వరకు వేచి ఉండాలి, లేదా లేఖ వ్రాయాలి.

రాష్ట్ర, జాతీయ స్థాయి

విశ్వవిద్యాలయం ఈ విషయాలలో పూర్తి స్వతంత్రం కాదు. 1976 నాటి 42వ రాజ్యాంగ సవరణతో విద్య ఉమ్మడి జాబితాలో చేరింది. ఉన్నత విద్యా ప్రమాణాల నిర్ణయం మొదటి నుండి కేంద్ర జాబితాలోనే ఉన్నది. ఆ బాధ్యత విశ్వవిద్యాలయ నిధుల సంఘానికి, అనగా యు.జి.సి.కి, అప్పగించబడింది. రాష్ట్రంలో 1988 నాటి చట్టంతో ఏర్పడిన ఉన్నత విద్యామండలి విశ్వవిద్యాలయాల మధ్య సమన్వయం చేస్తుంది. ఒక విద్యార్థి నెల్లూరు నుండి కడపకు గాని, గుంటూరుకు గాని మారినప్పుడు పాఠ్యాంశాలు వేరై నష్టపోకుండా రాష్ట్రమంతటికీ ఉమ్మడి పాఠ్య ప్రణాళికను మండలి తయారు చేయిస్తుంది. విశ్వవిద్యాలయ సంఘాలు దానిని స్వీకరించి, తమకు అనుమతించిన మేరకు మార్పులు చేసుకొంటాయి.

ఇందులో లాభం ఉన్నది, నష్టం కూడా ఉన్నది. బదిలీలు సులభమవుతాయి, పోటీ పరీక్షలకు అందరూ ఒకే పునాదితో వెళతారు. మరొకవైపు కింది సంఘానికి మిగిలే చర్చ యూనిట్ల వరుస, గ్రంథాల జాబితా వంటి వివరాలకు పరిమితమవుతుంది. మౌలికమైన ప్రశ్న దాని ముందుకు వచ్చేసరికి సమాధానం సిద్ధంగా ఉంటుంది.

ఒక మార్పు నడిచే దారి

మార్పు అవసరం సాధారణంగా నాలుగు వైపుల నుండి బయలుదేరుతుంది. యు.జి.సి. కొత్త నిబంధన జారీ చేయడం, ఉన్నత విద్యామండలి కొత్త చట్రం ప్రకటించడం, పరీక్షా ఫలితాలలో ఏదో ఒక పత్రం వద్ద అసాధారణంగా ఎక్కువ మంది తప్పడం, కళాశాలల నుండి గాని విద్యార్థి సంఘాల నుండి గాని విజ్ఞాపనలు రావడం. మొదటి రెండింటికి తేదీలు ఉంటాయి కనుక అవి త్వరగా కదులుతాయి. తరువాతి రెండు ఫైలు రూపం దాల్చడానికే సమయం పడుతుంది.

ఫైలు కదిలిన తరువాత విషయాన్ని సంబంధిత పాఠ్య ప్రణాళికా సంఘానికి పంపుతారు. ఎజెండా, ముసాయిదా సభ్యులకు చేరుతాయి. సమావేశంలో మార్పులు చేసి, తీర్మానాలను నమోదు చేసి, సభ్యులు సంతకాలు చేస్తారు. తీర్మానం అకడమిక్ సెనేట్ ఆమోదం పొందిన తరువాత రిజిస్ట్రారు కార్యాలయం దానిని ఉత్తర్వుగా కళాశాలలకు పంపుతుంది. పరీక్షల విభాగం తన కంప్యూటరు వ్యవస్థలో కొత్త పత్రాలకు సంకేత సంఖ్యలు కేటాయిస్తుంది. ఇది జరగకపోతే ఎంత మంచి మార్పు అయినా మార్కుల జాబితాలో కనిపించదు. కొత్త పాఠ్యాంశం వచ్చిన మొదటి సంవత్సరంలో తరచు వినిపించే ఫిర్యాదు పుస్తకం లేదన్నది. ఉత్తర్వు జూన్‌లో వస్తే పుస్తకం నవంబరులో వచ్చిన సందర్భాలు అధ్యాపకులకు కొత్త కాదు. పట్టణంలో ఆ లోటును జెరాక్సు దుకాణం, ఇంటర్నెట్టు కొంత పూరిస్తాయి. మారుమూల మండలాల విద్యార్థికి అధ్యాపకుడు చెప్పించే నోట్సే పాఠ్యపుస్తకం అవుతుంది.

వార్షిక పరీక్షల నుండి సెమిస్టర్లకు

ఇటీవలి కాలంలో మొదటి పెద్ద మార్పు 2015-16లో వచ్చింది. అప్పటి వరకు డిగ్రీలో సంవత్సరాంత పరీక్షలు ఉండేవి. యు.జి.సి. సూచించిన ఎంపిక ఆధారిత క్రెడిట్ విధానాన్ని, అనగా సి.బి.సి.ఎస్.ను, ఆ విద్యా సంవత్సరం నుండి రాష్ట్రంలోని డిగ్రీ కళాశాలలలో ప్రవేశపెట్టారు. మూడు సంవత్సరాలు ఆరు సెమిస్టర్లు అయ్యాయి. నూరు మార్కులలో 75 విశ్వవిద్యాలయ పరీక్షకు, 25 కళాశాలలో జరిగే అంతర్గత మూల్యాంకనానికి కేటాయించారు.

క్రెడిట్ అంటే చదువు పరిమాణాన్ని కొలిచే కొలమానం. అమెరికా విద్యాసంస్థలలో ఇరవయ్యవ శతాబ్ది ఆరంభం నుండి ఇటువంటి కొలతలు వాడుకలో ఉన్నాయి. ఐరోపాలో 1989లో ఒక ఉమ్మడి క్రెడిట్ పద్ధతి మొదలైంది. మన దేశపు తాజా చట్రంలో ఒక సెమిస్టరులో పదిహేను గంటల తరగతి బోధన ఒక క్రెడిట్. ప్రయోగశాల పని అయితే ముప్పై గంటలకు ఒక క్రెడిట్. ఇది చదివిన కాలానికి కొలత గాని, తెలివికి కొలత కాదు. మార్కులకు, క్రెడిట్లకు గల ఈ తేడా తెలియక చాలామంది తల్లిదండ్రులు తికమకపడతారు.

ఎంపిక అన్నది ఈ విధానం పేరులోనే ఉన్నది. పది శాఖలున్న పట్టణ కళాశాలలో ఎంపిక నిజమైనది. నాలుగైదు శాఖలు, శాఖకు ఒకరిద్దరు అధ్యాపకులు ఉన్న కళాశాలలో, ఉన్న అధ్యాపకుడు చెప్పగలిగినదే విద్యార్థి ఎంపిక. ఉత్తర్వులో ఆరు ఐచ్ఛిక పత్రాలు ఉన్నా కళాశాల నోటీసు బోర్డు మీద ఒకటే కనిపిస్తుంది.

సింగిల్ మేజర్ విధానం

2020 జాతీయ విద్యా విధానాన్ని అనుసరించి యు.జి.సి. 2022 డిసెంబరులో డిగ్రీ కోర్సులకు కొత్త చట్రాన్ని ప్రకటించింది. మూడేళ్ళ డిగ్రీకి కనీసం 120 క్రెడిట్లు, నాలుగేళ్ళ ఆనర్స్ డిగ్రీకి 160 క్రెడిట్లు అందులో నిర్ణయించబడ్డాయి. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం మార్కులు పొందినవారు నాలుగవ సంవత్సరంలో పరిశోధనతో కూడిన ఆనర్స్‌ను ఎంచుకోవచ్చు. ఆంధ్ర ప్రదేశ్‌లో 2023-24 నుండి దీనికి అనుగుణంగా సింగిల్ మేజర్ విధానం అమలులోకి వచ్చింది. అంతకు ముందు బి.ఎస్‌సి. విద్యార్థి గణితం, భౌతిక శాస్త్రం, రసాయన శాస్త్రం అనే మూడింటిని సమానంగా చదివేవాడు. బి.ఏ.లో చరిత్ర, అర్థశాస్త్రం, రాజనీతి శాస్త్రం అటువంటి కలయిక. కొత్త విధానంలో ఒకటి ప్రధాన విషయం, మరొకటి ఉపవిషయం అయ్యాయి.

ఈ మార్పు చిన్న కళాశాలపై ఎలా పనిచేస్తుందో లెక్క వేసి చూడవచ్చు. జాతీయ చట్రం ప్రకారం మూడేళ్ళ డిగ్రీలో ప్రధాన విషయానికి కనీసం 60 క్రెడిట్లు, ఉపవిషయానికి 24 క్రెడిట్లు. పత్రానికి నాలుగు క్రెడిట్ల చొప్పున ప్రధాన విషయంలో పదిహేను పత్రాలు అవుతాయి. పాత మూడు విషయాల పద్ధతిలో ఒక్కొక్క విషయానికి మూడేళ్ళలో ఏడెనిమిది పత్రాలు ఉండేవి. అనగా భౌతిక శాస్త్రంలో ఒకే అధ్యాపకుడు ఉన్న కళాశాల ఆ విషయాన్ని ప్రధానంగా నడపదలిస్తే, అతడు బోధించవలసిన పత్రాలు దాదాపు రెట్టింపు అవుతాయి. మూడు బ్యాచ్‌లు ఏకకాలంలో ఉంటాయి కనుక అవన్నీ ఒకే టైం టేబులులో ఇమడాలి.

రెండవ చిక్కు విద్యార్థుల సంఖ్య. ఉదాహరణకు ఒక కళాశాలలో గణిత, భౌతిక, రసాయన శాస్త్రాల గ్రూపులో ముప్పై మంది చేరేవారనుకొందాం. పాత పద్ధతిలో అది ఒక తరగతి. కొత్త పద్ధతిలో ఆ ముప్పై మంది మూడు మేజర్లకు విడిపోతే తరగతికి పదిమంది. అందులోనూ అందరూ ఒకే మేజరు వైపు మొగ్గితే మిగిలిన రెండు ఖాళీ. ప్రవేశాలు తక్కువగా ఉన్న కోర్సులను కొనసాగించడం ఏ ప్రభుత్వానికైనా భారమే. కాబట్టి మొదట కంప్యూటరు కోర్సు నిలుస్తుంది, చరిత్ర, తెలుగు, భౌతిక శాస్త్రం వంటివి వెనుకబడతాయి. ఇది ఎవరూ తీర్మానం చేసి తీసుకొన్న నిర్ణయం కాదు. ఒక సాధారణ నియమం, చిన్న సంఖ్యలు కలిసినప్పుడు దానంతట అదే వచ్చే ఫలితం. పెద్ద కళాశాలల అనుభవంతో మాట్లాడే సభ్యులకు ఇది తట్టకపోవడం సహజం. పశ్చిమ మండలాల నుండి ఒక్క అధ్యాపకుడు ఆ బల్ల ముందు ఉండి ఉంటే తట్టే విషయం.

మూడవది ఉద్యోగార్హత. ఉపాధ్యాయ నియామకాల డి.ఎస్.సి. నియమాలలో స్కూల్ అసిస్టెంటు పోస్టులకు డిగ్రీలో ఏయే విషయాలు చదివి ఉండాలో పేర్కొంటారు. భౌతిక శాస్త్రాల పోస్టుకు సంబంధిత విషయాలలో కనీసం రెండింటిని ఐచ్ఛికాలుగా, లేదా ఒకటి ఐచ్ఛికంగా, మరొకటి అనుబంధ విషయంగా చదివి ఉండాలన్నది చాలాకాలంగా ఉన్న పద్ధతి. ఆ నియమాలు మూడు విషయాల డిగ్రీ రోజులలో వ్రాయబడినవి. సింగిల్ మేజర్ పట్టభద్రుని ఉపవిషయం ఈ రెండవ విషయంగా లెక్కకు వస్తుందా అన్న ప్రశ్నకు విశ్వవిద్యాలయ సంఘం ఒక్కటే సమాధానం చెప్పలేదు. నియామక నియమాలు పాఠశాల విద్యాశాఖవి. భౌతిక శాస్త్రం మేజరుగా తీసుకొన్న విద్యార్థి రసాయన శాస్త్రానికి బదులు కంప్యూటరును మైనరుగా ఎంచుకొంటే, ఆ ఎంపిక ప్రభావం పదిహేడేళ్ళ వయసులో తెలియదు, నోటిఫికేషను వచ్చిన నాడు తెలుస్తుంది. ఉపాధ్యాయ ఉద్యోగమే ప్రధాన ఆశగా ఉన్న మెట్ట ప్రాంతంలో ఇది సాంకేతిక వివరం కాదు. ప్రవేశ సమయంలోనే కళాశాలలు ఈ సంగతి విద్యార్థులకు స్పష్టంగా చెప్పవలసి ఉన్నది.

ఇంటర్న్‌షిప్పు, సామాజిక సేవా ప్రాజెక్టు

2020-21లో సవరించిన చట్రం డిగ్రీలో పది నెలల ఇంటర్న్‌షిప్పును తప్పనిసరి చేసింది. మొదటి, రెండవ సంవత్సరాల తరువాత రెండేసి నెలలు, మూడవ సంవత్సరంలో ఒక సెమిస్టరు. ఉద్దేశం మంచిదే. విశాఖపట్నంలో గాని, శ్రీసిటీ పరిసరాలలో గాని సంస్థలు ఉన్నాయి. ఉదయగిరి విద్యార్థి ఏ సంస్థకు వెళ్ళాలి? బస్సు ఖర్చు, నెల్లూరులో వసతి ఖర్చు పెట్టుకోలేనివారు ఏ దుకాణం నుండో, ఏ సేవాకేంద్రం నుండో ధ్రువపత్రం తెచ్చి సరిపెట్టుకొనే ప్రమాదం ఇటువంటి నియమంలో ఎప్పుడూ ఉంటుంది.

అదే చట్రంలోని మొదటి భాగమైన సామాజిక సేవా ప్రాజెక్టు మాత్రం ఈ ప్రాంతానికి చక్కగా అమరింది. విద్యార్థి తన గ్రామంలోనే సర్వే చేసి నివేదిక సమర్పించవచ్చు. ఉదయగిరి, వరికుంటపాడు ప్రాంతాలలో భూగర్భజలంలో ఫ్లోరైడు సమస్య ఉన్నది. సోమశిల కింది ఆయకట్టు, పైని మెట్ట భూముల సాగు మధ్య తేడాలు ఉన్నాయి. ఉదయగిరి చెక్క చెంచాల తయారీ వంటి చేతివృత్తులు ఉన్నాయి. రసాయన శాస్త్ర, అర్థశాస్త్ర, వాణిజ్య శాస్త్ర విద్యార్థులకు ఇవన్నీ ఇంటి ముందున్న ప్రయోగశాలలు. ఒకే ఉత్తర్వులోని రెండు నియమాలలో ఒకటి పల్లె కళాశాలకు నష్టం, మరొకటి లాభం కలిగించగలవు. కనుక సమీక్ష సమయంలో చట్రాన్ని మొత్తంగా పొగడడం, మొత్తంగా తిట్టడం కంటే ఏ నియమం ఎక్కడ ఎలా నడిచిందో విడివిడిగా నివేదించడం ప్రయోజనకరం.

బోధనా మాధ్యమం

1968లో తెలుగు అకాడమి స్థాపించబడి, తెలుగు మాధ్యమంలో ఉన్నత విద్యకు అవసరమైన పాఠ్యపుస్తకాలను ప్రచురించింది. 2021 జూన్‌లో ఉన్నత విద్యామండలి, 2021-22 నుండి డిగ్రీ కళాశాలలన్నీ ఆంగ్ల మాధ్యమంలోనే బోధించాలని ఆదేశించింది. దానికి ముందు సంవత్సరంలో డిగ్రీలో చేరినవారిలో సుమారు నాలుగవ వంతు మంది తెలుగు మాధ్యమం వారు. ఈ నిర్ణయం పాఠ్య ప్రణాళికా సంఘాల నుండి పైకి వచ్చినది కాదు, పై నుండి కిందికి వచ్చినది. అంతవరకు తెలుగులో చదివి పరీక్షలు వ్రాసిన విద్యార్థి అర్థశాస్త్రాన్ని, ఆంగ్లాన్ని ఒకేసారి నేర్చుకోవలసి వచ్చింది. ఉద్యోగాలకు ఆంగ్లం అవసరమన్న వాదన కాదనలేనిది. అయితే మాధ్యమం మార్చడానికి, భాష నేర్పడానికి తేడా ఉన్నది.

చిన్న కళాశాలల గొంతు

పశ్చిమ మండలాల కళాశాలలు తమ అనుభవాన్ని సంఘాల ముందుంచడానికి కొన్ని మార్గాలు ఉన్నాయి. కళాశాల నుండి ఎవరైనా పాఠ్య ప్రణాళికా సంఘంలో సభ్యులైతే అది నేరు మార్గం. లేకపోతే ప్రిన్సిపాలు ద్వారా రిజిస్ట్రారుకు, విద్యా వ్యవహారాల డీనుకు వ్రాతపూర్వకంగా పంపవచ్చు. కళాశాల అంతర్గత నాణ్యతా విభాగం ఏటా విద్యార్థుల నుండి, పూర్వ విద్యార్థుల నుండి, తల్లిదండ్రుల నుండి పాఠ్య ప్రణాళికపై అభిప్రాయాలు సేకరిస్తుంది. జాతీయ మదింపు సంస్థ న్యాక్ గుర్తింపుకు ఇది అవసరం. చాలా చోట్ల ఈ పత్రాలు న్యాక్ బృందం వచ్చే వరకు బీరువాలో ఉంటాయి. వాటినే క్రోడీకరించి, ఫలితాల లెక్కలు జోడించి, ఫలానా పత్రంలో ఫలానా యూనిటు వద్ద ఇంతమంది తప్పుతున్నారని వ్రాస్తే అది ఫిర్యాదు కాక ఆధారం అవుతుంది. సంఘాల సమావేశాలలో ఆధారానికి ఉన్న బరువు ఆవేదనకు ఉండదు.

2020 జాతీయ విద్యా విధానం అనుబంధ పద్ధతిని పదిహేను సంవత్సరాలలో దశలవారీగా తొలగించి, కళాశాలలకు క్రమంగా స్వయంప్రతిపత్తి ఇవ్వాలని సూచించింది. అది జరిగితే సొంత సంఘాలు ఏర్పరచుకోగల పెద్ద కళాశాలలకు లాభం. శాఖకు ఒక్క అధ్యాపకుడున్న కళాశాల తన పాఠ్య ప్రణాళికా సంఘాన్ని ఎవరితో నింపుతుంది అన్నది ఉదయగిరి వంటి ఊళ్ళకు సంబంధించిన ప్రశ్న. సమీప కళాశాలలు కొన్ని కలిసి ఒక సముదాయంగా ఏర్పడి అధ్యాపకులను, ప్రయోగశాలలను పంచుకోవడం ఒక మార్గంగా చర్చలో ఉన్నది. ఆత్మకూరు, ఉదయగిరి మధ్య బస్సు సౌకర్యాన్ని బట్టి దాని సాధ్యాసాధ్యాలు తేలుతాయి.

పాత నియమాల విద్యార్థులు

కొత్త నియమం సాధారణంగా అది అమలులోకి వచ్చిన సంవత్సరంలో చేరిన బ్యాచ్ నుండి వర్తిస్తుంది. అంతకు ముందు చేరినవారు పాత నియమాల ప్రకారమే డిగ్రీ పూర్తి చేస్తారు. కాగితంపై ఇది న్యాయమైన ఏర్పాటు. చిక్కు ఒకటి రెండు పత్రాలు మిగిలిపోయినవారితో వస్తుంది. పాత పాఠ్యాంశంలో బోధన ఆగిపోతుంది, పరీక్షలు కూడా కొన్ని సంవత్సరాల తరువాత నిలిపివేస్తారు. అప్పుడు సంఘం సమాన పత్రాల పట్టిక తయారు చేస్తుంది. పాత పాఠ్యాంశంలోని ఫలానా పత్రానికి కొత్తదానిలోని ఫలానా పత్రం సమానమని అందులో ఉంటుంది. సమానమైనది దొరకని పత్రాలకు ప్రత్యేకంగా ఒకసారి పరీక్ష నిర్వహిస్తారు. వ్యవహారంలో దీనిని వన్ టైమ్ ఛాన్స్ అంటారు.

ఇటువంటి ప్రకటన పత్రికల జిల్లా పుటలో చిన్న వార్తగా వస్తుంది, కళాశాల నోటీసు బోర్డుకు అంటిస్తారు. దానిని చూడవలసినవారు అప్పటికే బెంగళూరులోనో, చెన్నైలోనో పనిలో ఉంటారు. వివాహమై వేరే ఊరు వెళ్ళినవారూ ఉంటారు. రుసుము చెల్లించే గడువు సాధారణంగా కొద్ది వారాలే కనుక, పాత బ్యాచ్ విద్యార్థులు తమ హాల్ టికెట్టు సంఖ్యను, మార్కుల జాబితాలను భద్రపరచుకొని, చదివిన కళాశాల కార్యాలయానికి తమ ప్రస్తుత ఫోను నంబరు ఇచ్చి ఉంచడం అవసరం. ఉత్తీర్ణులైన పత్రాల మార్కులు చెల్లుతూనే ఉంటాయి కాబట్టి మిగిలిన పత్రాలకు మాత్రమే దరఖాస్తు చేయాలి. దరఖాస్తులో తాను చేరిన సంవత్సరాన్ని, అప్పటి నియమావళిని సరిగా పేర్కొనకపోతే కొత్త పాఠ్యాంశపు ప్రశ్నపత్రం చేతికి వచ్చే అవకాశం ఉన్నది.